విమానాశ్రయ భద్రతా తనిఖీలు, ప్రయాణికుల గోప్యతా హక్కుపై తీర్మానం

వినియోగదారుల సంఘం సర్వసభ్య సమావేశం
ప్రతిపాదన: కార్యవర్గం

పీఠిక

విమానం ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి సామానునూ సోదా చేయాల్సిందేనన్న విషయంలో ఈ సమావేశానికి రెండో అభిప్రాయం లేదు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దగ్గరలో పేలిపోయి 329 మంది ప్రాణాలు కోల్పోయారు. బాంబు ఉన్న సూట్‌కేసు విమానంలోకి ఎక్కింది గానీ, దాని యజమాని ఎక్కలేదు. ఆ ఘోరం తర్వాతే, 1987 ఏప్రిల్‌లో పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) స్వతంత్ర విభాగంగా ఏర్పడింది. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేశాక విమానాశ్రయాల కాపలా క్రమంగా రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) చేతికి వచ్చింది. ఈ ఏర్పాట్లలో దేన్నీ సడలించమని ఈ తీర్మానం కోరడం లేదు.

అయితే సెక్యూరిటీ అనే ఒక్క మాట కింద ఇప్పుడు రెండు వేర్వేరు పనులు చేరిపోయాయి. ఈ మనిషి దగ్గర ప్రమాదకరమైన వస్తువు ఏదైనా ఉందా అని చూడటం మొదటిది. మెటల్ డిటెక్టర్, ఎక్స్‌రే బెల్టు, బాడీ స్కానర్, సిబ్బంది చేతి సోదా ఉన్నవి దీనికోసమే. ఈ మనిషి ఎవరో తేల్చుకోవడం రెండోది. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు ఆ పని చేస్తాయి. మొదటి పనికి ప్రయాణికుడి పేరుతో అవసరం లేదు. రెండో పని చేసే కెమెరాకు జేబులో ఉన్న కత్తి కనబడదు. రెండింటినీ కలిపేసి, అంతా మీ భద్రత కోసమే అనడంతో ఏది తప్పనిసరో, ఏది మన ఇష్టమో ప్రయాణికుడికి తెలియకుండా పోతోంది.

మనిషి గేటు దాటడంతో సోదా ముగిసిపోవాలన్నది ఈ సమావేశం వైఖరి. ఇల్లు సోదా చేయడానికి వచ్చినవాడు పోతూపోతూ తాళంచెవి పట్టుకుపోతే ఎవరూ ఒప్పుకోరు. కింది డిమాండ్లన్నిటికీ మూలం ఈ వైఖరే.

మొదటి భాగం: సమావేశం గమనంలోకి తీసుకున్న అంశాలు

1. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ఈ మాట చెప్పింది. ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపాలని 2015లో నిర్ణయించిన బెంచికి నేతృత్వం వహించింది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తొమ్మిది మందిలోనూ ఆయన ఒకరు. ప్రభుత్వం గోప్యతలోకి చొరబడాలంటే అందుకు చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చొరబాటు ఆ ప్రయోజనానికి సరిపడినంతే ఉండాలి అని ఆ తీర్పు కొలత పెట్టింది. విమాన భద్రత న్యాయమైన ప్రయోజనమే. ఒక్కో యంత్రాన్ని మిగతా రెండు షరతులతోనూ కొలిచి చూడాల్సి ఉంది.

2. ఈ హక్కు చరిత్రలో హైదరాబాద్‌కు కూడా చోటుంది. స్టాంపు చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తయినా బ్యాంకుకు వెళ్లి ఖాతాదారుల పత్రాలు తిరగేయవచ్చు. దాన్ని హైకోర్టు కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు తీర్పునే సమర్థించింది. కాగితాన్ని బ్యాంకులో పెట్టినంత మాత్రాన దాని మీద ఖాతాదారు తన గోప్యతను వదులుకున్నట్టు కాదన్నది దాని సారం. విమానాశ్రయం గేటు దగ్గర కెమెరాకు ముఖం చూపించిన ప్రయాణికుడికీ ఇదే న్యాయం వర్తించాలి.

3. బాడీ స్కానర్ల విషయంలో అమెరికా అనుభవం మనకు హెచ్చరిక. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో దాచిన పేలుడు పదార్థాన్ని పేల్చబోయి పట్టుబడ్డాడు. అది మెటల్ డిటెక్టర్‌కు అందే పదార్థం కాదు. ఆ తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో స్కానర్లు వేగంగా పెరిగాయి. వాటిలో ఎక్స్‌రే బ్యాక్‌స్కాటర్ రకం యంత్రాలు బట్టల కింది శరీరాన్ని దాదాపు నగ్నంగా చూపించేవి. 2011 జూలైలో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కాదంటూనే, ప్రజాభిప్రాయం తీసుకోకుండా వాటిని తప్పనిసరి చేయడం చట్టప్రకారం పొరపాటేనంది. మనిషి రూపం బదులు ఒక సాధారణ బొమ్మను మాత్రమే చూపించే సాఫ్ట్‌వేర్ ఉండాలని అక్కడి కాంగ్రెస్ 2012లో చట్టం చేసింది. బ్యాక్‌స్కాటర్ యంత్రాల తయారీదారు ఆ సాఫ్ట్‌వేర్‌ను గడువులోగా ఇవ్వలేకపోయాడు. 2013 నాటికి ఆ యంత్రాలన్నీ విమానాశ్రయాల నుంచి వెళ్లిపోయాయి. చట్టసభ గట్టిగా నిలబడితే యంత్రమే మారుతుందనడానికి ఇది నిదర్శనం.

4. చిత్రాలు దాచడం లేదన్న నోటిమాట చాలదు. ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలోని ఒక కోర్టు భవనంలో పెట్టిన స్కానర్ 35 వేలకు పైగా చిత్రాలను దాచి ఉంచిందని 2010లో సమాచార చట్టం కింద వేసిన దరఖాస్తుతో బయటపడింది. యంత్రానికి దాచే శక్తి ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాస్తారు. 2011లో యూరోపియన్ యూనియన్ ఎక్స్‌రే స్కానర్లను పక్కనపెట్టి, చిత్రాలు నిల్వ చేయరాదనీ, స్కానర్ వద్దనుకున్న ప్రయాణికుడికి వేరే రకం తనిఖీ ఇవ్వాలనీ నిబంధనల్లోనే రాసుకుంది.

5. మన దేశంలో బీసీఏఎస్ 2019 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇస్తూ, 84 విమానాశ్రయాల్లో బాడీ స్కానర్లు పెట్టాలని, 2020 మార్చి నాటికి ఆ పని ముగించాలని ఆదేశించింది. మిల్లీమీటర్ తరంగాలతో పనిచేసే యంత్రాలనే ఎంచుకోవడం మంచి నిర్ణయం. ఆ తరంగాలు బట్టల్లోంచి దూరి చర్మం మీద తగిలి వెనక్కి వస్తాయి, ఎక్స్‌రేల్లా శరీరం లోపలికి పోవు. అనుమానం వచ్చిన చోట తెర మీద ఉన్న బొమ్మపై ఒక గుర్తు పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ నియమాలు ఒక శాఖ సర్క్యులర్‌లో ఉన్నాయే తప్ప, పార్లమెంటు చూసి ఆమోదించిన చట్టంలో లేవు. సర్క్యులర్‌ను రాసినవాళ్లే రేపు సవరించుకోవచ్చు.

6. శరీర తనిఖీ బాధ అందరికీ ఒకేలా ఉండదు. మెటల్ డిటెక్టర్ కింద నుంచి నడిచిపోయే కుర్రాడికి అది అర నిమిషం పని. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న పెద్దావిడకు మాత్రం ప్రతిసారీ బీప్ మోగుతుంది. ఆమె తెర కట్టిన బూత్‌లోకి వెళ్లి, చెక్క మెట్టెక్కి, చేతులు చాపి నిలబడాలి. చీర కుచ్చిళ్ల దగ్గర, జాకెట్టు అంచు దగ్గర చేతి డిటెక్టర్ ఆగి ఆగి కదులుతుంటే, ఏం వెతుకుతున్నారో అర్థం కాని హిందీలో వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పాలి. బయట మగవాళ్లకు నాలుగు వరుసలుంటే ఆడవాళ్లకు ఒకటే బూత్ ఉండటం, వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టడం చాలా చోట్ల మామూలే. కొడుకునో కూతురినో చూడటానికి మొదటిసారి అమెరికా వెళ్తున్న తల్లిదండ్రులకూ, గల్ఫ్‌కు పనికి వెళ్తున్న నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల వాళ్లకూ ఇది మరీ కష్టం. తమకున్న హక్కు ఏమిటో తమ భాషలో చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

7. కృత్రిమ అవయవాలున్నవారి కష్టం 2021 అక్టోబరులో దేశమంతటికీ తెలిసింది. 'మయూరి' చిత్రంతో తెలుగువారికి దగ్గరైన నర్తకి సుధా చంద్రన్, వెళ్లిన ప్రతిసారీ కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని వీడియోలో ప్రధానికి విన్నవించుకున్నారు. సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, కృత్రిమ అవయవాలను, కాలిపర్లను తీయమనడం మనిషి గౌరవానికి తగదని వ్యాఖ్యానించింది. పేరున్న నర్తకి వీడియో పెడితే క్షమాపణ దొరికింది. పేరు లేని ప్రయాణికుడికి కూడా ఆ మర్యాద అడగకుండానే దక్కాలి.

8. ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులకు ఏ వరుసలో నిలబడాలన్నదే మొదటి సమస్య. అమెరికాలో చాలా కాలం స్కానర్ పక్కన నిలబడ్డ ఉద్యోగి ఎదుటి మనిషిని చూసి ఆడో మగో అనుకుని బటన్ నొక్కాల్సి వచ్చేది. అంచనా తప్పితే యంత్రం శరీరాన్నే అనుమానాస్పద వస్తువుగా చూపించేది. శరీరాలను రిజిస్టర్లలోకి ఎక్కించడం ఎక్కడికి దారి తీస్తుందో మన నేలకూ తెలుసు. హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి చట్టం ఈ వర్గం వారి పేర్లను రిజిస్టరులో రాసి, వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలు కల్పించింది. అది గౌరవానికీ గోప్యతకూ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసే దాకా ఆ చట్టం పుస్తకాల్లో ఉండిపోయింది.

9. ముఖ గుర్తింపుతో ప్రయాణికుడిని గేటు దాటించే డిజియాత్ర వ్యవస్థ విషయం వేరుగా చూడాల్సినది. 2019 జూలైలో శంషాబాద్‌లో ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా నడిపారు. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారాణసిలలో డిజియాత్ర అధికారికంగా మొదలైంది. 2023లో శంషాబాద్, గన్నవరం చేరాయి. 2024 సెప్టెంబరులో విశాఖపట్నం చేరింది. ఇది ఐచ్ఛికమనీ, వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయనీ, విమానాశ్రయానికి చేరిన డేటాను విమానం బయల్దేరిన 24 గంటల్లోగా తొలగిస్తారనీ ప్రభుత్వం చెబుతోంది. క్యూ తగ్గుతుందన్నదీ నిజమే. అయినా మూడు అనుమానాలు మిగిలిపోతున్నాయి.

ఒకటి, సమ్మతి. తమకు తెలియకుండానే గేటు దగ్గర ట్యాబ్ పట్టుకున్న సిబ్బంది ఫోటో తీసి డిజియాత్రలో చేర్చారని ప్రయాణికులు బహిరంగంగానే ఫిర్యాదు చేశారు. చేతిలో సామాను, పక్కన పిల్లలు, తలమీద బోర్డింగ్ సమయం ఉన్న మనిషి ఇటు చూడండి అనగానే చూస్తాడు. దాన్ని సమ్మతి అనలేం.

రెండు, జవాబుదారీ. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, కొచ్చిన్, బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, ముంబై విమానాశ్రయ సంస్థలకు కలిపి 74 శాతం వాటా ఉంది. వాటాల తీరు ఇలా ఉన్నప్పుడు సమాచార హక్కు చట్టం కింద ప్రశ్న అడిగే దారి పౌరుడికి మూసుకుపోతోంది. 2024లో పాత యాప్ తీసేసి కొత్త యాప్ వేసుకోమన్నప్పుడు పాత యాప్‌లోని వివరాల సంగతేమిటన్న ప్రశ్నకు పౌరుడు ఎవరి తలుపు తట్టాలో కూడా స్పష్టత లేకపోయింది.

మూడు, గడువు. 24 గంటల్లో తొలగిస్తామని చెబుతున్నా, 2018లో విమానయాన శాఖ విడుదల చేసిన డిజియాత్ర విధాన పత్రంలో భద్రతా అవసరాన్ని బట్టి ఆ గడువు మార్చుకునే వీలుంది. భద్రతా సంస్థలకు ప్రయాణికుల డేటా అందించే వీలూ ఉంది. సౌకర్యం కోసమని ఇచ్చిన ముఖం నిఘా పనికి మళ్లదన్న హామీ ఎక్కడా చట్టబద్ధంగా లేదు. హైదరాబాద్ వీధుల్లో పోలీసుల ముఖ గుర్తింపు వాడకంపై దాఖలైన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022లో ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చిన విషయం మరువరాదు.

10. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, షరతులు లేకుండా ఉండాలంటోంది. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే అదే చట్టం, ప్రభుత్వ సంస్థలను నోటిఫై చేసి దేశ భద్రత పేరిట మొత్తంగా మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. మరోవైపు సీఐఎస్‌ఎఫ్ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉన్నందున, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా దాన్ని ప్రశ్నించే వీలు లేదు.

11. చొరబాటు పెరిగితే భద్రత దానంతటదే పెరగదు. అమెరికా అధికారులే మారువేషంలో జరిపిన పరీక్షల్లో 70 సార్లలో 67 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులు తనిఖీ దాటి వెళ్లిపోయాయని 2015లో వెల్లడైంది. అప్పటికి అక్కడ స్కానర్లకు కొదవ లేదు. శిక్షణ, సరిపడా సిబ్బంది, పర్యవేక్షణ లేనిచోట యంత్రం ఒక్కటే చేయగలిగింది తక్కువ.

రెండో భాగం: తీర్మానం

పై అంశాలను చర్చించిన మీదట ఈ సమావేశం ఇలా తీర్మానిస్తోంది.

1. భద్రతా తనిఖీని, ప్రయాణికుడి గుర్తింపును రెండు వేర్వేరు పనులుగా గుర్తించి, ఒకదానికి ఉన్న చట్టబద్ధత ఇంకోదానికి అరువు ఇవ్వరాదని కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖను డిమాండ్ చేస్తోంది.

2. బాడీ స్కానర్ల నియమాలను సర్క్యులర్ల స్థాయి నుంచి తప్పించి, 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న భారతీయ వాయుయాన్ అధినియమ్ కింద, ముసాయిదాపై ప్రజాభిప్రాయం తీసుకున్నాకే నిబంధనలుగా రూపొందించాలని కోరుతోంది. ఎక్స్‌రే బ్యాక్‌స్కాటర్ యంత్రాలపై నిషేధం, శరీర రూపం చూపకుండా బొమ్మను మాత్రమే చూపాలన్న షరతు ఆ నిబంధనల్లో ఉండాలి. చిత్రాన్ని దాచే, పంపే సామర్థ్యం యంత్రంలోనే లేకుండా చేయాలి. ఆ సంగతిని ఏటా స్వతంత్ర సంస్థతో తనిఖీ చేయించి నివేదికను బయటపెట్టాలి.

3. స్కానర్ వద్దన్న ప్రయాణికుడికి చేతి సోదా కోరుకునే హక్కు ఉండాలి. అడిగినందుకు అనుమానితుడిలా చూడటం, కావాలని ఆలస్యం చేయడం జరగకూడదు. ఈ హక్కును క్యూ మొదట్లోనే తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

4. చేతి సోదాలో ఏ చోట తాకబోతున్నారో ముందుగా చెప్పి తాకాలి. మూసిన గదిలో సోదా చేయాల్సి వస్తే ప్రయాణికుడు కోరుకున్న తోడును అనుమతించాలి. కృత్రిమ అవయవాలు, కాలిపర్లు, ఇన్సులిన్ పంపులు తీయించరాదు. తలపాగా, హిజాబ్, తాళి వంటివాటి విషయంలో ముందు యంత్రంతో చూసి, అప్పటికీ సందేహం తీరకపోతేనే ప్రయాణికుడి చేతే సర్దించి చూడాలి. ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులు తమను ఎవరు సోదా చేయాలో తామే ఎంచుకునే వీలుండాలి.

5. మహిళల సోదా బూత్‌లు, మహిళా సిబ్బంది సంఖ్య ప్రయాణికుల రద్దీకి సరిపడా పెంచాలి. కొత్తగా కట్టే విమానాశ్రయాల్లో ఈ ఏర్పాటు భవనం ప్లానులోనే ఉండాలి. శంషాబాద్, గన్నవరం, విశాఖ, తిరుపతి, రాజమండ్రి విమానాశ్రయాల్లో ప్రతి షిఫ్టులోనూ తెలుగు మాట్లాడే సిబ్బందిని తనిఖీ స్థానాల్లో ఉంచాలి.

6. డిజియాత్ర విషయంలో ఈ సమావేశం కింది డిమాండ్లు చేస్తోంది.
(అ) ప్రయాణికుడు తన ఫోన్‌లో తానుగా నమోదు చేసుకుంటే తప్ప ఎవరి ముఖాన్నీ గేటు దగ్గర సేకరించకూడదు.
(ఆ) గుర్తింపు కార్డు చూపించి వెళ్లే మామూలు గేట్లను తగ్గించి, అక్కడ క్యూ పెంచి, జనాన్ని డిజియాత్ర వైపు నెట్టకూడదు.
(ఇ) డేటా తొలగించినట్టు ప్రతి ప్రయాణం తర్వాత ప్రయాణికుడికి సందేశం రావాలి.
(ఈ) తొలగింపు గడువును పొడిగించే వీలును, కోర్టు ఉత్తర్వు లేకుండా ఇతర సంస్థలకు డేటా ఇచ్చే వీలును విధాన పత్రం నుంచి తీసేయాలి.
(ఉ) ఫౌండేషన్‌ను సమాచార హక్కు చట్టం పరిధిలోకి తేవాలి, దాని భద్రతా ఆడిట్ నివేదికలు ప్రజల ముందుంచాలి.

7. వ్యక్తిగత డేటా చట్టంలోని మినహాయింపును విమానాశ్రయ ముఖ గుర్తింపు వ్యవస్థలకు వాడబోమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టమైన హామీ ఇవ్వాలి.

8. ప్రతి విమానాశ్రయంలో తనిఖీ స్థానం దాటగానే కనిపించేలా ఫిర్యాదు కౌంటర్ ఉండాలి. ఫిర్యాదు అందిన వెంటనే ఆ సమయం సీసీటీవీ రికార్డును భద్రపరచాలి. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఫిర్యాదుల సంఖ్యను, వాటి ఫలితాన్ని ఏటా ప్రకటించాలి.

9. మండుటెండలో గేటు దగ్గర, రాత్రి షిఫ్టులో ఎక్స్‌రే తెర ముందు నిలబడి పనిచేసే సీఐఎస్‌ఎఫ్ జవాన్ల శ్రమను ఈ సమావేశం గౌరవంతో గుర్తిస్తోంది. అమర్యాద జరిగిన చోట చాలాసార్లు తప్పు మనిషిది కాదు, స్పష్టమైన నియమం, తగిన శిక్షణ ఇవ్వని వ్యవస్థది. వికలాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో మెలగడంపై ఆయా వర్గాల వారి చేతనే సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని కోరుతోంది. ప్రయాణికులు కూడా తనిఖీకి సహకరించాలని, బాంబు పేరుతో వేళాకోళాలు ఆడవద్దని విజ్ఞప్తి చేస్తోంది.

మూడో భాగం: సంఘం చేపట్టే పనులు

1. తనిఖీలో ప్రయాణికుడి హక్కులు, బాధ్యతలు వివరించే చిన్న పుస్తకాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ కార్యవర్గం ప్రచురించాలి. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ముందుగా పంచాలి.

2. రెండు రాష్ట్రాల విమానాశ్రయాల్లో ఎన్ని స్కానర్లు, ఏ రకంవి, ఏ సంస్థ తయారుచేసినవి వాడుతున్నారో సమాచార హక్కు చట్టం కింద బీసీఏఎస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలను అడగాలి. జవాబు రాకపోతే కేంద్ర సమాచార కమిషన్ దాకా అప్పీలు చేయాలి.

3. తనిఖీలో అవమానానికి గురైన సభ్యులకు ఫిర్యాదు రాయడంలో, అవసరమైతే న్యాయసహాయం అందించడంలో సంఘం న్యాయ విభాగం అండగా ఉండాలి. బాధితుల వివరాలను వారి రాతపూర్వక అనుమతి లేకుండా సంఘం కూడా ఎవరికీ ఇవ్వరాదు. కేసు ముగియగానే ఫైలులోని వైద్య వివరాలను తొలగించాలి.

4. ఈ తీర్మానం ప్రతులను శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుకు, బీసీఏఎస్, సీఐఎస్‌ఎఫ్ డైరెక్టర్ జనరళ్లకు, డిజియాత్ర ఫౌండేషన్‌కు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పార్లమెంటు సభ్యులందరికీ పంపాలి. పార్లమెంటులో ఈ అంశంపై ప్రశ్న వేయాల్సిందిగా సభ్యులను స్వయంగా కలిసి కోరాలి.

5. వచ్చిన జవాబులను, రాని జవాబుల జాబితాను కార్యవర్గం వచ్చే సర్వసభ్య సమావేశం ముందుంచాలి. అప్పటికి డిజియాత్రపై పై డిమాండ్లలో కదలిక లేకపోతే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయడానికి కార్యవర్గానికి ఈ సమావేశం అధికారం ఇస్తోంది.